ఎనభై ఏడో మడిలో గింజ రాలడం లేదు

అడవిగడ్డి గింజను దాచుకోదు. పండిన గింజను పండినట్టే నేలపాలు చేస్తుంది. పోనీ అన్నీ ఒక్కసారి పండుతాయా అంటే అదీ లేదు. కంకి కొసన గింజ రాలిపోయేసరికి మొదట్లో గింజ ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది. పక్క మొక్క అసలు కంకే వేసి ఉండదు. అందుకే అడవిగడ్డి విత్తనం కావాలంటే మూడు వారాలపాటు రోజూ మంచు ఆరకముందే వెళ్ళాలి. ప్రతి మొక్క కిందా వెడల్పాటి పళ్ళెం పట్టి, కంకిని రెండు వేళ్ళతో తట్టాలి. మంచు తడికి గింజ కాస్త నిదానిస్తుంది. ఎండ పొడిచాక మనం తట్టనక్కర్లేదు, గాలే తట్టేస్తుంది.

పశుగ్రాస పరిశోధన క్షేత్రంలో ఈ పని ముప్పై ఒక్కేళ్ళుగా చేస్తున్న మనిషిని అందరూ గరికమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. గరికమ్మ అని పేరు పెట్టింది గేటు దగ్గర కాపలాదారు. ఎంత తొక్కినా మళ్ళీ లేస్తుందని ఆయన చెప్పిన కారణం. "అప్పటి మాట అది. ఇప్పుడు తొక్కకపోయినా లేవలేకపోతున్నాను" అంటుందామె. యాభై ఎనిమిదేళ్ళు. కుడి మోకాలు వంగితే లేవదు, లేస్తే వంగదు. మడిలో ఒక చిన్న పీట వేసుకుని, దాన్ని మొక్క నుంచి మొక్కకు జరుపుకుంటూ పోతుంది.

క్షేత్రాన్ని ఒక మట్టి బాట రెండు ముక్కలు చేసింది. బాటకు ఈ పక్క సాగు రకాలు. ఒక రకం మడిలో నిలబడితే చివరిదాకా నడుమెత్తు గడ్డి, మంగలి కత్తిరించినట్టు. ఒకే వారంలో కంకి వేస్తుంది, ఒకే వారంలో కోతకొస్తుంది. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు ఇక్కడే ఫొటోలు దిగుతారు. బాటకు ఆ పక్క అడవిగడ్డి నమూనాలు. కొండవాలు నుంచి ఒకటి, కాలువ గట్టు నుంచి ఒకటి, రాళ్ళ మధ్య నుంచి ఒకటి, ఎక్కడెక్కడి నుంచో తెచ్చినవి మొత్తం నూట నలభై, ఏటా కొన్ని చొప్పున. ఒక్కో మడిలో ఒక్క చోటు నుంచి తెచ్చిన గడ్డే ఉంటుంది, అయినా నూట ఇరవై మొక్కల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి నేలకు కరుచుకుని పడుకుంటుంది. దాని పక్కది నిటారుగా లేస్తుంది. ఒకదాని కణుపులు వంకాయ రంగు. ఒకదాని ఆకు మీద నూగు, చెయ్యి తగిలితే సాయంత్రందాకా దురద. ఒకటి నలభై పిలకలు వేస్తే ఇంకొకటి నాలుగేసి ఊరుకుంటుంది. పెద్దమనుషులు బాట దాటి అటు తొంగిచూసి, "ఇక్కడ కలుపు తియ్యలేదేం?" అని అడిగి వెళ్ళిపోతారు.

గరికమ్మకు పని నేర్పింది మొదటి అధికారి. పెద్దసారు అనేవారు ఆయన్ని. ఇప్పుడు లేరు. నేర్పిందల్లా ఒక్కటే. ప్రతి మొక్క నుంచీ సమానంగా గింజ. బాగున్నదాని నుంచి ఎక్కువ తీసుకోకూడదు, బాగాలేనిదాన్ని వదలకూడదు. "ఏది మంచిదో మనకు తెలిస్తే ఇన్ని ఎందుకమ్మా పెంచడం? ఒక్కటే పెంచుదుం" అనేవారాయన. తీసిన గింజ శీతల గదిలోకి పోతుంది. అక్కడా ఏళ్ళు గడిచేకొద్దీ మొలక తగ్గిపోతుంది కాబట్టి, ఆరేళ్ళకోసారి మళ్ళీ విత్తి, మళ్ళీ గింజ తీసి, కొత్త పొట్లం పెట్టాలి. ఏడాదికి ఇరవై మూడు, ఇరవై నాలుగు నమూనాలు మడికెక్కుతాయి. ఈ ఏడు ఎక్కినవాటిలో ఎనభై ఏడో నంబరు ఒకటి. ఇరవై ఆరేళ్ళ కిందట పెద్దసారు ఒక నది లోయలో కొండవాలు నుంచి స్వయంగా కోసుకొచ్చిన గడ్డి. ఆ వాలు మీద ఇప్పుడు ఆనకట్ట నీళ్ళు అరవై అడుగుల లోతున ఉన్నాయి. ఆ గడ్డికి ఇంక వేరే ఊరు లేదు. ఉంటే ఈ మడిలో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఒకరోజు పొద్దెక్కాక మేడమ్ ఆ మడిలోంచి కేకేసింది. మేడమ్ అంటే ఇప్పటి అధికారి. ముప్పై నాలుగేళ్ళది, వచ్చి రెండేళ్ళయింది. బురదలోకి చెప్పుల్లేకుండా దిగుతుందని కూలీలకు ఆమె అంటే గౌరవం.

"అమ్మా, ఇలా రండి. టైమెంతయింది?"

"పదకొండు దాటింది మేడమ్."

"ఎండ చూశారా? ఇప్పుడు ఇది చూడండి." కంకిని తట్టింది. ఏమీ పడలేదు. అరచేతికేసి కొట్టింది. రెండు గింజలు పడ్డాయి, అవీ తాలు. "గింజ రాలట్లేదు!"

"అవును మేడమ్."

"మీకు ముందే తెలుసా?"

"రోజూ తడుతున్నాను కదా మేడమ్. వేళ్ళు నొప్పెడుతున్నాయి గానీ గింజ రావట్లేదు."

మేడమ్ మడి అంతా కలయతిరిగింది. నూట ఇరవైలో ఎనభై దాకా మొక్కలు గింజను బిగబట్టుకుని ఉన్నాయి. దాదాపు అన్నీ నిటారువే. మొహం వెలిగిపోయింది. మేతగడ్డి విత్తనం అమ్మేవాళ్ళకు ఉన్న పెద్ద తలనొప్పే ఇది అని చెప్పింది. సగం పంట నేలరాలిపోతుంది, రాలని గడ్డి కోసం అన్ని దేశాల్లోనూ ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నారు, ఇక్కడేమో అడవిగడ్డిలో దానంతటదే ఉంది. పెద్దసారు ఏ వాలు మీద చూశారోగానీ ఎంత మంచి చోట చెయ్యి పెట్టారు!

"దీన్నుంచి రకం తియ్యొచ్చమ్మా. వ్యాసం రాస్తాను. అందులో మీ పేరు వేస్తాను. చివర ధన్యవాదాల్లో కాదు, పైన, నా పేరు పక్కన. ఇన్నేళ్ళూ దీన్ని చెడకుండా నిలబెట్టింది మీరే కదా."

గరికమ్మ "అలాగే మేడమ్" అంది. ఆఫీసు వరండాలో గోడకు ఆరు చట్రాలు వేలాడుతుంటాయి. ఈ క్షేత్రం విడుదల చేసిన ఆరు రకాలు, ఒక్కోదాని కింద పుట్టించినవాళ్ళ పేర్లు ఎనిమిదీ తొమ్మిదీ. వాటిలో రెండింటికి తల్లి మొక్కలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించింది ఆమే. ఆ అద్దాలు వారానికోసారి తుడిచేదీ ఆమే. పేరు ఎందులోనూ లేదు. అడగనూ లేదు. అడక్కుండానే ఒకరు ఇస్తామనడం ఇదే మొదలు.

అయితే ఎనభై ఏడో నంబరు గింజ ఎందుకు రాల్చడం లేదో ఆమెకు తెలుసు. పెద్దసారు తెచ్చినప్పుడు ఆ గడ్డి అన్నిటికన్నా పాడుగడ్డి. ఊపిరి తగిలినా రాల్చేది.

పన్నెండేళ్ళ కిందటి మాట. ఎనభై ఏడు కంకి మీద ఉంది. సరిగ్గా అప్పుడే తమ్ముడికి పేగు మెలిపడి ఆపరేషన్ అయింది. తమ్ముడు దర్జీ, ఈమె కంటే ఆరేళ్ళు చిన్న. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోయినప్పటి నుంచీ ఆమె ఉంటున్నది వాడి దగ్గరే. ఆమెకు వాడు, వాడికి ఆమె, మూడో మనిషి లేరు. ఆసుపత్రిలో పదిహేడు రోజులు. పాత అధికారి బదిలీ అయి వెళ్ళిపోయాడు, కొత్తాయన ఇంకా రాలేదు, సెలవు అడగడానికి మనిషి లేడు. గేటు కాపలాదారు "నేను చూసుకుంటాలే అక్కా, నువ్వెళ్ళు" అని హాజరు పట్టీలో రోజూ టిక్కు పెట్టాడు. టిక్కు పెట్టగలిగాడుగానీ గింజ తియ్యలేడు కదా.

పద్దెనిమిదో రోజు ఆమె మడిలోకి వచ్చేసరికి మొక్కలన్నీ ఒట్టి పుల్లలు. నూట ఇరవైలో పదకొండు మొక్కల మీద మాత్రం గింజ మిగిలి ఉంది. అవి ఆలస్యంగా కంకి వేసినవో, గింజను పట్టుకుని కూర్చునే పిసినారివో. ఆ పదకొండింటినీ కొడవలితో కోసి, దులిపి, పొట్లం కట్టింది. తర్వాత పుస్తకం ముందు కూర్చుని, ఏ రోజు ఏ మొక్క నుంచి ఎంత గింజ వచ్చిందో ఇరవై ఒక్క రోజుల లెక్క రాసేసింది. రాయడం పెద్ద కష్టం కాలేదు. అన్నేళ్ళ అలవాటు మీద ఏ అంకె నమ్మేలా ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆరేళ్ళ తర్వాత ఆ గింజే విత్తారు. మొలిచింది, పెరిగింది, ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికి మోకాలి నొప్పి మొదలైంది. ఒక పొద్దున వెళ్ళలేదు. రెండో పొద్దున కూడా వెళ్ళలేదు. క్రితంసారి చివర్లో ఒక్కసారే కోస్తే ఏమైంది, ఏమీ కాలేదు కదా అనిపించింది. ఆ ఏడు కూడా మిగిలినదాన్నే కోసింది. మళ్ళీ పుస్తకం నింపింది. మొదటిసారి గత్యంతరం లేక. రెండోసారి గత్యంతరం ఉండీ.

గింజ రాల్చేసిన మొక్క సంతానం లేకుండా పోయింది. పట్టుకుని కూర్చున్నదాని సంతానమే మడికెక్కింది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆమె చదువుకున్నది ఏడో తరగతే. ఈ సంగతి అర్థం కావడానికి అది చాలు.

కాపలాదారుకు మర్నాడు గేటు దగ్గర చెప్పింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా? మేడమ్‌కు లేని అనుమానం నీకెందుకు?"

"నాది అనుమానం కాదయ్యా. నాకు తెలుసు."

"తెలిస్తే తెలిసినట్టే ఉంచుకో. అసలు నాకో మాట చెప్పు. గడ్డి బాగుపడిందా, చెడిందా?"

"బాగుపడిందనే అంటోంది మేడమ్."

"మరింకేం! చెడిపోయినదానికి సంజాయిషీ అడుగుతారుగానీ బాగుపడినదానికి ఎవరడుగుతారు?"

"నీ పేరు బయటికి రానివ్వనులే" అంది.

"ఎలా రానివ్వవు? పట్టీలో టిక్కు పెట్టిన చెయ్యి ఎవరిది? పదిహేడు టిక్కులు. ఆ గడ్డి నేనూ తిన్నానక్కా, నిన్ను చూసి జాలిపడి తిన్నాను. కొరివితో తల గోక్కుంటానంటే నీ తల గోక్కో, నా తల జోలికి రాకు."

ఇంట్లో రెండు గదులు. వీధి గదిలో తమ్ముడి కుట్టుమిషను. చుట్టూ బడిపిల్లల యూనిఫారాల గుట్టలు, అన్నీ ఒకే నీలం. పేరు వేస్తారట అని ముందే చెప్పడం ఆమె చేసిన తెలివితక్కువ పని. వాడు వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు. బొత్తాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పాడు. అసలు సంగతి విన్నాక మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"అంటే ఆ గడ్డి నా పేగుల్లోంచి పుట్టిందన్నమాట."

"నీ మొహం."

"మొహం కాదక్కా, పేగులే." నవ్వబోయి మానేశాడు. "నేను వెళ్ళమన్నాను కదా అప్పుడు. నర్సు ఉంది, పొద్దున్నే వెళ్ళి వచ్చెయ్ అన్నానా లేదా?"

"అన్నావు."

"మరి?"

"నీకు కట్టు మార్చేది పొద్దున ఐదింటికి. నువ్వు అరిచే అరుపుకు వార్డంతా లేచేది. నా చెయ్యి పట్టుకుని అరిచేవాడివి. ఎలా వెళ్ళను?"

వాడు కాసేపు నీలం గుడ్డ అంచు సవరించుకున్నాడు. "నాకు గుర్తులేదు" అన్నాడు. తర్వాత, "చెప్తావా?" అన్నాడు.

"తెలీదురా."

రెండోసారి సంగతి వాడికి చెప్పలేదు. దానికి వాడి పేగులు పూచీ పడవు.

వారం తిరిగేసరికి మేడమ్ కాగితాలు సిద్ధం చేసింది. గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. టేబుల్ మీద ఎనభై ఏడో నంబరు చరిత్ర పత్రం. ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి, ఎన్నిసార్లు విత్తారు అన్నీ నింపేసి ఉన్నాయి. ఒక్క గడి ఖాళీ.

"ఇది మీరే చెప్పాలమ్మా. ఈ నమూనాలో ఎప్పుడైనా ఏరివేత, అంటే కొన్ని మొక్కల గింజే తీసుకుని మిగతావి వదిలెయ్యడం, జరిగిందా అని అడుగుతున్నారు. లేదు అని రాసి సంతకం పెట్టండి."

గరికమ్మ పెన్ను తీసుకుంది. తీసుకుని పట్టుకుని కూర్చుంది. మేడమ్ ఫోన్ చూసుకుంటోంది. ఫ్యాన్ గాలికి పత్రం మూల లేస్తుంటే గరికమ్మ ఎడమ చేత్తో నొక్కిపెట్టింది.

"జరిగింది మేడమ్."

"ఏం జరిగింది?"

చెప్పింది. మొదటిసారిదీ చెప్పింది, రెండోసారిదీ చెప్పింది. మొత్తం చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎంత చిన్న విషయమో అనిపించింది ఆమెకే. మేడమ్ లేచి బీరువాలోంచి పన్నెండేళ్ళ కిందటి మడి పుస్తకం తీసి, పేజీ వెతికి, ఆమె ముందు పెట్టింది.

"ఇది మీ రాతే కదా?"

"నాదే."

"ఏడో తారీఖు, పద్నాలుగో మొక్క, గ్రాములో మూడో వంతు. ఎనిమిదో తారీఖు, పద్నాలుగో మొక్క, అర గ్రాము. తొమ్మిదిన వాన, గింజ తియ్యలేదు." మేడమ్ తలెత్తింది. "వాన కూడా రాశారా?"

"ఆసుపత్రి కిటికీలోంచి చూశాను మేడమ్. ఆ రోజు నిజంగానే వాన పడింది."

మేడమ్ పుస్తకం మూసింది. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"గడ్డి సంగతి తర్వాతమ్మా. నూట నలభై నమూనాలు, ముప్పై ఏళ్ళు, అన్నీ మీ చేతి రాతే. ఇందులో ఇది అబద్ధమైతే మిగతావి నిజమని నేనెలా అనుకోను? పైవాళ్ళకు ఏమని చెప్పను? నాకంటే ముందు పనిచేసిన నలుగురు మీ అంకెలు పెట్టుకునే వ్యాసాలు రాశారు."

గేటు దగ్గర కాపలాదారు అడిగిన మాటకు గరికమ్మకు జవాబు వారం తర్వాత ఇక్కడ దొరికింది. చెడిందా, బాగుపడిందా అన్నది కాదు. ఏది అసలుదో, ఏది మారిందో ఇంక ఎవరూ చెప్పలేకపోవడం. అయితే ఆ జవాబు ఇప్పుడు చెప్పుకోవడానికి కాపలాదారు వినడు.

"ఆరే మేడమ్" అంది. "ఆ మూడు వారాల్లో కంకి మీద ఉన్నవి ఆరే. ముప్పై ఒకటి, అరవై నాలుగు, ఎనభై ఏడు, తొంభై, నూట పన్నెండు, నూట ముప్పై మూడు. రెండుసార్లూ అవే. మిగతావాటికి నేను రాని రోజు లేదు."

"పుస్తకం చూడకుండా చెప్తున్నారు."

"వాటిని మోసుకుని తిరుగుతున్నాను కదా మేడమ్."

"మరి హాజరులో టిక్కులు ఎవరు పెట్టారు?"

"నేనే అడిగి పెట్టించుకున్నాను. ఆయన తప్పేం లేదు."

నమ్మాలో లేదో తేల్చుకోవడానికి మేడమ్‌కు ఒక దారి ఉంది. ప్రతి నమూనాకూ మొట్టమొదట తెచ్చిన పొట్లంలోంచి కొంత గింజ శీతల గది వెనక అరలో అలాగే ఉంచుతారు. మధ్యలో వచ్చిన పాత పొట్లాలు చోటు చాలక పారేస్తారుగానీ ఆ మొదటిది పారెయ్యరు, ముట్టుకోరు కూడా. అవి తీయించింది. ఆ ఆరింటివీ, ఆమెకు చెప్పకుండా ఇంకో పన్నెండు నమూనాలవీ. పాత గింజా కొత్త గింజా పక్కపక్కన ట్రేలలో విత్తించి, మొలిచినవాటిని మడులకెక్కించి, ఎత్తు, పిలకలు, ఆకు వెడల్పు, కంకి వేసిన రోజు, గింజ రాలే తీరు అన్నీ తానే కొలిచింది. కొలతల దగ్గరికి గరికమ్మను రానివ్వలేదు. ఆ నెలల్లో ఆమెను బాటకు ఇటు పక్క, సాగు రకాల్లో వేశారు. పని తేలిక. నిలబడి చేసుకోవచ్చు. ఒక మొక్కను చూస్తే మడి చూసినట్టే. మోకాలికి మంచిదే అయింది. పది రోజులకే ఆమె చూడ్డం మానేసి నీళ్ళు పెట్టి వచ్చేసేది.

పాత గింజ ట్రేలకు నీళ్ళు పొయ్యడం మాత్రం ఆమెకే వదిలారు. దానికి కొలతలు అక్కర్లేదు.

ఫలితాలు వానలు వెనకబట్టాక వచ్చాయి. చెప్పకుండా పరీక్షించిన పన్నెండూ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కువ తక్కువలున్నా పాత గింజలో ఎన్ని తీర్లుంటే కొత్త గింజలోనూ దాదాపు అన్ని. ఆమె చెప్పిన ఆరింటిలో మూడు పెద్దగా మారలేదు, అవి మొదటి నుంచీ కాస్త ఆలస్యం గడ్లు. తొంభై సగం మారింది. ఎనభై ఏడు సరేసరి. దాని పాత పొట్లంలో రెండు వందల గింజలు విత్తితే పద్నాలుగు మొలిచాయి, తొమ్మిది బతికాయి.

నూట పన్నెండు అసలు మొలవలేదు.

విత్తి ముప్పై రోజులయ్యాకే మేడమ్ దాని ట్రే తీసెయ్యమంది. గరికమ్మ తియ్యలేదు. ఇంకో ఇరవై రోజులు నీళ్ళు పోసింది. ఒక పొద్దున పచ్చగా ఏదో కనిపిస్తే పీట మీద కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. నాచు. ఆ రోజే ట్రే బోర్లించి మట్టి గంపలోకి దులిపి, ట్యాగు కడిగి మేడమ్ టేబుల్ మీద పెట్టింది.

"కొత్తది ఉంది కదమ్మా నూట పన్నెండు" అంది మేడమ్. ఊరడించాలనే అంది.

"ఉంది మేడమ్. అది నేను కోసింది. ఆయన తెచ్చింది కాదు."

మేడమ్ ఆ మాట కాదనలేదు.

పైనుంచి మెమోలు వచ్చాయి. ఆమెకు ఒకటి, కాపలాదారుకు ఒకటి. ఆమె ఎంత చెప్పినా టిక్కులు టిక్కులే కదా. కాపలాదారు నెల రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడుగానీ, "నమస్కారమమ్మా" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అక్కా అన్నవాడు అమ్మా అని గేటు తీసి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదని ఆమె తమ్ముడితో అంది.

మేడమ్ వ్యాసం రాయకుండా ఊరుకోలేదు. రాలని గడ్డి రాలనిదే, దాని ఉపయోగం దానికి ఉంది. కాకపోతే అడవిలో దొరికిందని రాయలేదు. ఎలా తయారైందో రాసింది. అలా రాయాలంటే ఎవరి చేతిలో తయారైందో కూడా రాయాలి. అచ్చుకు పంపే ముందు గరికమ్మను పిలిచి చదివి వినిపించింది. ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు మొదటి పేజీలోనే ఉంది. "ఫలానా వారు రెండు కాలాల్లో అనివార్య కారణాల వల్ల సకాలంలో గింజ సేకరించలేకపోవడంతో..."

"మేడమ్, రెండోసారి అనివార్యం కాదు."

"తెలుసమ్మా. మర్యాదగా ఉంటుందని..."

"రాలేదు అని రాయండి చాలు. రెండుసార్లూ రాలేదు."

మేడమ్ ఆమె వంక చూసి, ఆ వాక్యం కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో రాసుకుంది. గరికమ్మ కింద సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం తమ్ముడు చొక్కాకు కాజాలు కుడుతున్నాడు.

"పేరు పడుతుందా అక్కా?"

"పడుతుంది."

"ఏమని?"

"రాలేదని."

వాడు సూది ఆపాడు. "ఊళ్ళో అందరికీ ఏదో చేశారని పేరు పడుతుంది. నీకు రాలేదని పడింది" అన్నాడు. ఇద్దరూ కొంచెం నవ్వారు. నవ్వాక వాడు, "వీధిలో వాళ్ళకు ఏం చెప్పమంటావు?" అని అడిగాడు.

"పడిందని చెప్పు. వాళ్ళెవరూ చదవరులే."

బతికిన తొమ్మిది మొక్కల్నీ మళ్ళీ కంకి వేసే వేళకు ఆమెకే అప్పగించారు. వాటి గింజ ఎలా తియ్యాలో తెలిసినవాళ్ళు వేరే లేరు. కాకపోతే ఇప్పుడు కొత్త నియమం వచ్చింది. తియ్యడానికి ఒకరు, చూసి సంతకం పెట్టడానికి ఇంకొకరు. మంచులో శాలువా కప్పుకుని మేడమే వస్తోంది, ఆవలిస్తూ, చేతిలో పుస్తకంతో. మొదటి వారం ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. రెండో వారంలో మేడమ్ ఫ్లాస్కులో టీ తేవడం మొదలుపెట్టింది. గరికమ్మ ఎంత గింజ అని చెప్తే మేడమ్ త్రాసులో చూసి రాస్తుంది. చెప్పిన అంకె, త్రాసు అంకె దాదాపు ఒకటే అవుతాయి. మేడమ్ అయినా త్రాసులో చూస్తుంది.

తొమ్మిదిలో నాలుగు పడుకునే మొక్కలు. ఒకదానికి వంకాయ కణుపులు. ఒకదాని నూగుకు మేడమ్ చెయ్యి ఎర్రగా దద్దురు లేచింది. ఎనిమిదింటి గింజ మూడు వారాల్లో అయిపోయింది. తొమ్మిదోది, జానెడెత్తు కూడా లేని పసుపు ఆకుల మొక్క, ఇప్పుడిప్పుడే కంకి బయటపెడుతోంది. దాని కోసం ఇంకో పదిహేను రోజులు పొద్దున్నే వెళ్ళాలి. ఒక్క మొక్క, మహా అయితే చిటికెడు గింజ.

గరికమ్మ పీట చంకన పెట్టుకుని వెళ్తోంది.